కంట్రోల్ గ్రూపులో మా బావ

ఫిబ్రవరి 4

అక్కకు,

ఇందుమూలముగా సమస్త బంధువర్గానికీ, ముఖ్యంగా కుట్టుమిషను ముందు కూర్చుని కాళ్ళు లాగుతున్నాయని మూలిగే మా అక్కగారికీ తెలియజేయడమేమనగా: నేటినుండి మన కుటుంబంలో ఎవరికి తుమ్మొచ్చినా, ఎక్కిళ్ళొచ్చినా, కనురెప్ప కొట్టుకున్నా, అరికాలు దురదపెట్టినా, సదరు ప్రశ్నను తెల్లకాగితం మీద ఒకవైపు మాత్రమే రాసి నాకు పంపవలెను. ఉత్తరానికి మూడు ప్రశ్నలు మించరాదు. మలబద్ధకానికి సంబంధించినవి వేరే కవరులో పెట్టవలెను. ఆవులింతల గురించి ఎట్టి పరిస్థితుల్లోనూ జవాబు ఇవ్వబడదు, రాస్తూంటే నాకూ వస్తున్నాయి.

ఎందుకింత బడాయి అంటావేమో. ఈ ఆసుపత్రిలో లిఫ్టులు బాగుచేసేవాడికి ఉన్న యోగం ఎంత పెద్ద రోగికీ లేదు. రోగి డాక్టరు కోసం గంటలు కూర్చోవాలి. అదే డాక్టరు లిఫ్టు కోసం నిలబడాలి. తలుపు మూసుకున్నాక ఆయన ఎక్కడికి పోతాడు? ఏడంతస్తులు, అంతస్తుకో ప్రశ్న. జవాబు సగంలో ఉండగా ఆయన దిగాల్సిన చోటు వచ్చేసిందనుకో, నా స్క్రూడ్రైవరు ఎక్కడో తగిలి లిఫ్టు కాసేపు ఆలోచనలో పడుతుంది. అది యంత్రం తప్పు.

పోయినసారి నువ్వడిగినవాటికి నిపుణుల జవాబులు ఇవిగో.

నిలబడి నీళ్ళు తాగితే మోకాళ్ళు పోతాయా అన్నావు. ఎముకల డాక్టర్ని అడిగాను. ఆయన నన్ను పైనుంచి కిందికి చూసి, "గొంతులో పోసిన నీళ్ళు సరాసరి మోకాలికి దిగడానికి నువ్వేమైనా పైపువా?" అన్నాడు. కాబట్టి ఎలా కావాలంటే అలా తాగు.

వేళ్ళు విరుచుకుంటే కీళ్ళు అరుగుతాయా అన్నావు. అదీ ఆయన్నే అడిగాను. ఎవరో ఒకాయన ఏళ్ళ తరబడి ఒక చేతి వేళ్ళు మాత్రమే విరుచుకుంటూ, రెండో చేతిని ముట్టుకోకుండా చూశాడట. చివరికి రెండూ ఒకలాగే ఉన్నాయట. "అయితే రుజువైపోయినట్టేగా సార్?" అన్నాను. "ఒక్క మనిషి ఒంటిమీద జరిగింది రుజువు కాదయ్యా, ముచ్చట. వందలమందిని చూడాలి" అని దిగిపోయాడు.

మధ్యాహ్నం కునుకు తీస్తే మతిమరుపు వస్తుందా అన్నావు. మెదడు డాక్టర్ని అడిగాను. ఆయన ఆలోచిస్తూ ఆలోచిస్తూ తన అంతస్తు దాటి పైకి వచ్చేశాడు. మళ్ళీ దిగేటప్పుడు గుర్తుచేస్తే, "ఏమడిగావు?" అన్నాడు. దీన్నిబట్టి ఏం తేల్చుకుంటావో నీ ఇష్టం.

ఇదంతా ఫోనులో చెప్పొచ్చు. కానీ మీ ఇంట్లో ఫోను మోగితే బావ ఎత్తుతాడు, ఎత్తగానే స్పీకరు పెడతాడు. బస్టాండు కంట్రోల్ రూములో ఇరవై రెండేళ్ళు మైకు పట్టుకున్న మనిషి, ఏ మాటైనా వీధి చివరిదాకా వినపడితేగాని ఆయనకు తృప్తి ఉండదు. అందుకే ఈ ఉత్తరం నీ కుట్టుషాపు చిరునామాకి.

ఇట్లు,
లిఫ్టు వైద్య శిరోమణి,
నీ ఏకైక తమ్ముడు


ఫిబ్రవరి 11

ఒరేయ్ శిరోమణీ,

నీ ఉత్తర్వు అందింది. షాపులో పక్క మిషను మీదుండే ఆవిడకి చదివి వినిపిస్తే, నవ్వి నవ్వి కాలరు కుట్టాల్సినచోట జేబు కుట్టింది. ఇప్పుడు ఆ చొక్కా ఎవరు తొడుక్కుంటారో చూడాలి.

ఈసారి మూడు ప్రశ్నలు లేవు. ఒక్కటే.

మీ బావ గొంతు బొంగురుపోయి నెల దాటింది. మొదట్లో జలుబన్నారు. జలుబు పోయింది, బొంగురు ఉండిపోయింది. వేడినీళ్ళన్నారు, తేనె అన్నారు, దుమ్మన్నారు, పాత మైకుదే తప్పన్నారు. మైకు మార్పించారు. కొత్త మైకులో ఇంకా బాగా వినపడుతోంది, బొంగురు. మొన్న ఈయన "ఆరో ప్లాట్‌ఫారం" అంటే సగంమందికి "ఏడో" అని వినిపించిందట. ఒక బస్సులో ఎక్కాల్సిన పెళ్ళివారు ఇంకో బస్సులో ఎక్కి ఎక్కడికో వెళ్ళిపోయారు. పైఅధికారి వచ్చి, "యంత్రం గొంతు పెట్టించేద్దామా, నువ్వు టిక్కెట్ల లెక్క చూసుకుంటావా?" అన్నాడట. ఆ పూట భోజనం దగ్గర ఈయన ఉప్పు తనే లేచి తెచ్చుకున్నారు. నీకు తెలుసుగా, ఆయన ఉప్పు అందించమన్నా ప్రకటనలాగే అంటారు.

డాక్టరు దగ్గరికి పద అంటే తలుపేసుకుంటారు. ఎందుకో నీకు తెలుసు. వాళ్ళ అన్నయ్య దగ్గని ఆసుపత్రికి నడిచి వెళ్ళాడు. వారానికి తిరిగొచ్చింది బట్టల సంచి ఒక్కటే. అప్పట్నుంచీ ఈయనకి ఆసుపత్రి అంటే లోపలికి మాత్రమే తెరుచుకునే తలుపు.

మీ లిఫ్టులో గొంతు డాక్టరెవరైనా ఎక్కితే అడుగు. వేళాకోళం కాదు. నిజంగా అడుగు.

నిన్ను చంకనెత్తుకు తిరిగి నడుము వంకర చేసుకున్న,
అక్క


ఫిబ్రవరి 18

అక్కా,

నువ్వు అడగడమూ నేను అడక్కపోవడమూనా? గొంతు డాక్టరమ్మ ఇక్కడ చాలా పెద్ద మనిషి. పొట్టిగా ఉంటుంది, కళ్ళజోడు తలమీద పెట్టుకుని కళ్ళజోడు కోసం వెతుకుతూ ఉంటుంది. ఆవిడతో మూడో అంతస్తునుంచి ఐదోదాకా సుదీర్ఘంగా చర్చించాను.

ఆవిడ చెప్పింది ఇదీ: మైకు పట్టుకుని అరిచేవాళ్ళందరికీ ఇది మామూలే. గొంతుకి విశ్రాంతి కావాలి. గట్టిగా మాట్లాడకుండా కొన్నాళ్ళు గుసగుసగా మాట్లాడితే అదే సర్దుకుంటుంది. పొద్దునా సాయంత్రం తేనె చప్పరించాలి. తేనెసీసా బావకి అందనంత ఎత్తులో పెట్టడం నీ బాధ్యత, లేకపోతే ఒక పూటలో మందు అయిపోతుంది.

కంగారుపడకు. బావ గొంతు పోవాలంటే ముందు ఆయనకి చెప్పడానికేమీ లేకుండా పోవాలి. అది ఈ జన్మలో జరగదు.

ఇట్లు,
నాలుగో లిఫ్టు తలుపు మధ్య ఇరుక్కున్న చీపురు తీయడానికి వెళుతున్న,
నీ తమ్ముడు


మార్చి 10

తమ్ముడూ,

మీ డాక్టరమ్మ చెప్పిందని చెప్పగానే మీ బావ బుద్ధిగా ఒప్పుకున్నారు. ఎంత బుద్ధిగా అంటే, మైకులో కూడా గుసగుసలే. మూడు వారాలుగా బస్టాండు అంతటా ఎవరో చెవిలో రహస్యం చెబుతున్నట్టు, "రెండో ప్లాట్‌ఫారం... బస్సు సిద్ధంగా ఉంది..." అని. ఒకావిడ కంట్రోల్ రూముకి వచ్చి, "ఆ అసభ్యమైన మనిషెవరు? నన్నేనా పిలుస్తున్నాడు?" అని నిలదీసిందట.

నువ్వు నవ్వుతావని తెలుసు. నేనూ నవ్వాను. ఆ తర్వాత సంగతి చెబుతాను.

తగ్గలేదు. ఎక్కువైంది. ఇప్పుడు ఎడమ చెవిలో నొప్పి అంటున్నారు. నిన్న నేను షాపునుంచి త్వరగా వచ్చాను. స్నానాలగదిలోంచి ఏదో వినపడింది. మీ బావ లోపల నిలబడి, తలుపేసుకుని, ఎప్పుడూ చెప్పే ప్రకటన చెప్పుకుంటున్నారు, "ప్రయాణికులకు విజ్ఞప్తి" అంటూ. విజ్ఞప్తి దాకా వస్తోంది, అక్కడ గొంతు తెగిపోతోంది. మళ్ళీ మొదటినుంచి. నేను చెప్పులు విప్పకుండా గుమ్మంలోనే నిలబడిపోయాను. ఏడుసార్లు లెక్కపెట్టాను. ఏడోసారి నీళ్ళు తిప్పేశారు, నాకు వినపడకూడదని.

ఇప్పుడు ఏ డాక్టరు పేరెత్తినా ఒకటే మాట. "అంత పెద్ద డాక్టరమ్మ చెప్పినట్టే చేశానుగా. ఆవిడ మందే పని చెయ్యలేదంటే ఇక ఎవరిదీ చెయ్యదు." దీనికి జవాబు నీ దగ్గరుందా?

అక్క


మార్చి 15

అక్కా,

ముందు కత్తెర పక్కన పెట్టు. తర్వాత చదువు.

నేను డాక్టరమ్మని అడగలేదు. ఆ రోజు ఆవిడ లిఫ్టులో ఎక్కిన మాట నిజం. కానీ ఫోనులో ఎవర్నో దులిపేస్తూ ఉంది. ఇలాంటప్పుడు మధ్యలో దూరితే నన్నూ దులుపుతుందని ఊరుకున్నాను. ఇంటికొచ్చి, బొంగురుగొంతే కదా, ఏముందిలే అని, తేనె, గుసగుస అన్నీ నేనే కలిపి ఆవిడ పేరు పెట్టాను. నీ ఉత్తరంలో ఆ స్నానాలగది సంగతి చదివాక అన్నం సయించలేదు. తిట్టు. కానీ మిగతాది చదివాక తిట్టు.

నిన్న పొద్దున్నే ఒకటో అంతస్తులో కాపు కాశాను. డాక్టరమ్మ ఎక్కింది. తలుపు మూసుకోగానే మొత్తం చెప్పేశాను, నెలల లెక్కతో సహా. ఆవిడ తలమీది కళ్ళజోడు కిందికి దించి నన్ను చూసింది.

"గుసగుసగా మాట్లాడమని ఎవరు చెప్పారు?"

"మీరే మేడమ్."

"నేనా? ఎప్పుడు?"

"నా ఉత్తరంలో మేడమ్."

ఆవిడ చెయ్యి చాచి లిఫ్టు ఆపే మీట నొక్కింది. అక్కా, ఈసారి లిఫ్టు ఆపింది నేను కాదు. రెండుకీ మూడుకీ మధ్య వేలాడుతూ పది నిమిషాలు నాకు పాఠం చెప్పింది. నా జీవితంలో నేను అడ్డు రాకుండా ఇంత సేపు ఎవరూ మాట్లాడలేదు.

"గుసగుస విశ్రాంతి కాదయ్యా. చాలామందికి అది ఇంకా శ్రమ. విశ్రాంతి అంటే నోరు మూసుకోవడం, నీకు తెలియని విద్య. బొంగురు మూడు నాలుగు వారాలు దాటి ఉండిపోతే లోపలికి చూడాల్సిందే. తేనె పోసి కూర్చోకూడదు. చెవినొప్పి కూడా ఉందంటున్నావు, అయితే ఇంకా తొందరగా చూడాలి. ఇలా వచ్చేవాళ్ళలో ఎక్కువమందికి భయపడాల్సిందేమీ ఉండదు. ఆ ఎక్కువమందిలో మీ బావ ఉన్నాడో లేడో లిఫ్టులో నిలబడి నేనే చెప్పలేను. నువ్వెలా చెప్పావు?"

నేను నా బూట్ల వైపు చూసుకున్నాను. ఒకదానికి లేసు లేదు.

తర్వాత కాస్త చల్లబడి ఇంకో సంగతి చెప్పింది. ఆవిడ ఇప్పుడు ఒక పరిశోధన చేస్తోంది. గొంతుతో బతికేవాళ్ళ మీద, అంటే పంతుళ్ళు, కండక్టర్లు, వీధుల్లో కేకలేసి అమ్ముకునేవాళ్ళు. రెండు గుంపులట. గొంతు చెడినవాళ్ళు ఒకటి. అదే పని చేస్తూ గొంతు బాగున్నవాళ్ళు రెండోది, దాన్ని కంట్రోల్ గ్రూపు అంటారట, పక్కన పెట్టి పోల్చి చూడటానికి. బావ ముందు మామూలు రోగిగా వస్తే చూస్తుందట, ఇష్టమైతే తర్వాత మొదటి గుంపులో చేరొచ్చట. గురువారం రమ్మంది. "మళ్ళీ ఏమైనా కల్పించి తీసుకొచ్చావో, ఈ లిఫ్టులోనే నిన్ను పెట్టి మీట నొక్కుతా" అంది.

అందుకే కల్పన ఏమీ లేకుండా రాశాను. బావకి ఉన్నదున్నట్టు చదివి వినిపించు. గుసగుస మందు డాక్టరమ్మది కాదనీ, ఈ గాడిదదనీ చెప్పు.

తల దించుకుని,
తమ్ముడు


మార్చి 20

తమ్ముడూ,

నువ్వు పక్కన పెట్టమన్న కత్తెర విసిరేశాను. గోడకి తగిలింది. నువ్వు ఎదురుగా ఉంటే గోడ బతికిపోయేది. ఇంక ఆ విషయం మళ్ళీ ఎత్తను. అంటే ఏడాదికి రెండుసార్లకి మించి ఎత్తను.

ఉన్నదున్నట్టు చదివి వినిపించాను. గుసగుస సంగతి విని మీ బావ, "నాకు ముందే అనుమానం. డాక్టర్లు తేనె రాయరు" అన్నారు. తర్వాత పరిశోధన దగ్గరికొచ్చాను. "రెండోది కంట్రోల్ గ్రూపు" అని చదివానో లేదో, చెయ్యెత్తి ఆపేశారు.

"కంట్రోల్ గ్రూపా?"

"పూర్తిగా విను, అది..."

"విన్నాను. ఇరవై రెండేళ్ళు కంట్రోల్ రూము నడిపినవాణ్ణి. నన్ను కాకపోతే ఇంకెవర్ని పిలుస్తారు? రోగుల గుంపు ఒకటి, దాన్ని అదుపులో పెట్టడానికి మా గుంపు ఒకటి. పద్ధతిగానే ఉంది."

ఆ మాట అంటున్నప్పుడు కూడా గొంతు ఇసుకలో బకెట్టు ఈడ్చినట్టుంది. కానీ ముఖం చూడాల్సింది, నెల తర్వాత మొదటిసారి వెలిగింది. ఆ వెంటనే యూనిఫాం ఇస్త్రీ చేసుకున్నారు. టోపీ బొత్తాలు తోమారు. గురువారం "డ్యూటీ"కి ఒక్కరే వెళతారట, నేను రానక్కర్లేదట, డ్యూటీకి భార్యని తీసుకెళ్ళే పద్ధతి లేదట.

నేను సరిదిద్దలేదు. ఆ సమయంలో నోట్లో గుండుసూదులు ఉన్నాయి, మాట్లాడే వీల్లేకపోయింది. అంటే, ఆయన ఆ మాట అనగానే డబ్బాలోంచి తీసి పెట్టుకున్నాను.

ఆయన తలుపు దాటితే చాలు. నువ్వు ఆయన పక్కన ఉండు. లోపల ఏం చూశారో మొట్టమొదట నాకు రాయి. అందంగా రాయక్కర్లేదు.

అక్క


మార్చి 27

అక్కా,

ఇప్పటికే బావ ఇంటికి చేరి సగం చెప్పి, సగం మింగి ఉంటాడు. మింగింది నేను రాస్తాను.

గురువారం ఎనిమిదింటికల్లా యూనిఫాంలో దిగాడు. నేను లిఫ్టు పని ముగించుకుని గొంతు విభాగానికి వెళ్ళేసరికి, బల్లలన్నీ వరసలో ఉన్నాయి. పిల్లలున్నవాళ్ళు ముందు, పెద్దవాళ్ళు కిటికీ పక్కన, దగ్గేవాళ్ళు విడిగా. బావ మధ్యలో నిలబడి ఆ బొంగురుగొంతుతోనే, "పదకొండో నంబరువారు దయచేసి రెండో గదివైపు కదలవలెను, పన్నెండో నంబరువారు సిద్ధంగా ఉండవలెను" అంటున్నాడు. నర్సు వచ్చి నాతో, "ఈయన్ని రోజూ పంపిస్తారా?" అంది.

పద్నాలుగో నంబరు ఎవరూ లేవలేదు. బావ మూడుసార్లు పిలిచాడు. చివరికి డాక్టరమ్మే తలుపులోంచి తొంగిచూసి, "పద్నాలుగు మీరేగా?" అంది.

"నేను కంట్రోల్ అమ్మా."

"ఎలా ఉంది మరి?"

"ఇక్కడ కంట్రోల్ అస్సలు లేదమ్మా. ఇప్పుడే కాస్త తెచ్చాను."

ఆవిడ నవ్వలేదు. కుర్చీ చూపించి కూర్చోమంది. కంట్రోల్ గ్రూపంటే ఏమిటో రెండు ముక్కల్లో చెప్పింది. "మీరు ఆ గుంపు కాదు. మీరు రోగి. మీ బావమరిది చెప్పలేదా?"

నేను గోడలోకి దూరిపోదామనుకున్నాను. బావ టోపీ తీసి ఒళ్ళో పెట్టుకున్నాడు. "చెప్పాడమ్మా. మా ఆవిడ చదివింది కూడా. నేనే ఆ ఒక్క మాట దగ్గర దిగిపోయాను" అన్నాడు.

ముక్కులోంచి సన్నటి గొట్టం దించి తెరమీద చూపించింది. రెండు స్వరతంత్రులు, తలుపు రెక్కల్లా తెరుచుకుంటూ మూసుకుంటూ. ఎడమదానిమీద నువ్వుగింజంత తెల్లటి మచ్చ. అది ఏమిటో చూసి చెప్పలేననీ, మత్తు ఇచ్చి దాన్ని తీసి పరీక్షకి పంపాలనీ, ఎంత త్వరగా అయితే అంత మంచిదనీ చెప్పింది. మంచిదో చెడ్డదో అని బావ అడిగితే, "తెలియనిదాన్ని తెలుసని నేను చెప్పను" అంది. ఆపరేషను తర్వాత వారం రోజులు ఒక్క మాట కూడా మాట్లాడకూడదట.

బయటికొచ్చి లిఫ్టెక్కాం. బావ తలుపువైపు చూస్తూ, "ఇంటికి పోదాం" అన్నాడు.

"సంతకం పెట్టి..."

"పెట్టను. మత్తులోంచి లేవకపోతే? లేచినా గొంతు రాకపోతే? మా అన్నయ్య కూడా సంతకం పెట్టాడ్రా."

అక్కా, ఆయన చెయ్యి చూశాను. మైకు పట్టుకున్నట్టు పిడికిలి బిగించి ఉంది, లోపల ఏమీ లేదు. అప్పుడు ఇంక దాచలేకపోయాను. నీకు కూడా చెప్పని సంగతి చెప్పేశాను. ఏడేళ్ళ క్రితం నాకూ ఇదే ఆపరేషను అయింది. ఇదే ఆసుపత్రి, ఐదో అంతస్తు. అంకెలు లెక్కపెట్టమన్నారు, నాలుగు దాటలేదు. లేచేసరికి టీ అడిగాను. వారం రోజులు నోరు మూసుకున్నాను, ఎనిమిదో రోజు గొంతు వచ్చేసింది. మీకు చెబితే బెంగపడతారని, పనిమీద ఊరెళ్ళానని చెప్పాను.

బావ తలుపువైపునుంచి నావైపు తిరిగాడు. "నువ్వా? వారం రోజులా?"

"అవును బావా."

"అంత అయ్యాక కూడా నువ్విలా వాగుతున్నావంటే, నాకేం కాదు" అని, ఐదో నంబరు మీట తనే నొక్కి, పైకి వెళ్ళి సంతకం పెట్టాడు. ఏప్రిల్ 6న ఆపరేషను. ఈసారి నువ్వు కూడా రా. డ్యూటీ కాదని ఒప్పుకున్నాడు.

నీకు దాచినందుకు తిట్టకు.

తమ్ముడు


ఏప్రిల్ 16

తమ్ముడూ,

పరీక్ష ఫలితం వచ్చింది. క్యాన్సరు కాదు. కానీ వదిలేస్తే ఆ దారి పట్టే రకమట. మొత్తం తీసేశామని డాక్టరమ్మ చెప్పింది. మూడు నెలలకోసారి చూపించుకోవాలి, అంతే. అది విన్నప్పుడు నేను ఆవిడ బల్లమీదున్న దూదంతా కళ్ళకి వాడేశాను.

మాట్లాడకూడని వారం ఎలా గడిచిందో చెప్పాలి. మీ బావకి పిల్లల పలక కొనిచ్చాను. అన్నీ అందులో రాసేవారు. "ప్రకటన: పప్పులో ఉప్పు తక్కువ." "ప్రకటన: నీ జడలో దారం ముక్క ఉంది." ఇల్లు ఎంత నిశ్శబ్దంగా ఉందంటే, పక్కింటివాళ్ళు వచ్చి అంతా క్షేమమేనా అని అడిగి వెళ్ళారు. ఇప్పుడు రోజుకి కొద్దిసేపు మాట్లాడొచ్చంది. మొన్న మొదటిసారి నన్ను పేరు పెట్టి పిలిచారు. పాత గొంతే, కాస్త సన్నబడింది. నేను వెంటనే పలకలేదు, ఇంకోసారి పిలవనీ అని.

ఇక నీ సంగతి. ఆపరేషను చేయించుకుని అక్కకి చెప్పకపోవడమా? నీ మంచం పక్కన ఎవరున్నార్రా? ఎవరు టీ ఇచ్చారు? ఆరో తేదీన అక్కడే అడుగుదామంటే లిఫ్టు చెడిందని తప్పించుకు తిరిగావు. ఏడేళ్ళ క్రితం పనిమీద ఊరెళ్ళానన్నావు, నిజమేననుకుని నీకు స్వెట్టరు కూడా పంపాను. నువ్వక్కడ ఒక్కడివే పడుకుని ఉంటే నేనిక్కడ జేబులు కుట్టుకుంటూ ఉన్నానని తలుచుకుంటే నాకు రెండ్రోజులు నిద్ర లేదు. పక్క మిషను ఆవిడకి చెప్పి ఏడిచాను.

కింద మీ బావ రాస్తారట. కాగితం లాక్కుంటున్నారు.

అక్క

బావమరిదికి విజ్ఞప్తి. నిన్నటినుంచి మింగితే ఎడమపక్క గుచ్చుతోంది. పొద్దున ఉమ్మిలో సన్నటి ఎర్రచార కనపడింది. మీ అక్కకి చెప్పలేదు, ఈ కవరు నేనే అంటిస్తాను. నీకు కూడా పదోరోజు ఇలాగే అయ్యుంటుంది కదా? అయితే మామూలేనని ఊరుకుంటాను, డాక్టరమ్మని విసిగించను. నీ అనుభవమే నాకు దారి. జవాబు బస్టాండు చిరునామాకి రాయి, షాపుకైతే మీ అక్క చదువుతుంది, ఫోనైతే వింటుంది. ఇంతటితో ప్రకటన సమాప్తం.


ఏప్రిల్ 20

అక్కకూ, బావకూ, ఇద్దరికీ కలిపి,

బావ రాసిన ముక్క చదవగానే చేతిలో ఉన్న లిఫ్టు తలుపు అలాగే వదిలేసి నీ షాపు యజమాని ఫోనుకి చేసి నిన్ను పిలిపించాను. "ఏమీ అడగకు, ఇప్పుడే బావని తీసుకుని బస్సెక్కు" అన్నాను. నువ్వు నిజంగానే ఏమీ అడగలేదు. ఫోను పక్కన గొలుసుతో కట్టి ఉన్న షాపు పెన్ను కూడా చేత్తో తెంపుకుని వచ్చేశావు. డాక్టరమ్మ చూసింది. గట్టిగా దగ్గడంవల్ల మానుతున్నచోట కాస్త చిట్లిందట, భయం లేదట, మందు ఇచ్చింది. కానీ బావని బాగా కడిగింది. "రక్తం కనపడితే నాకు చెప్పాలి. ఉత్తరం రాసి జవాబు కోసం నాలుగు రోజులు కూర్చుంటారా? ఎవరికి రాశారసలు?" అంది. బావ వేలు నావైపు చూపించాడు. నేను ఆ సమయంలో మీ ఇద్దరికీ మంచినీళ్ళు తేవడానికని జారుకున్నాను. రెండు గ్లాసులు తేవడానికి గంటన్నర పట్టింది. కారణం ఇది.

నీళ్ళ దగ్గర ఎముకల డాక్టరు కనపడ్డాడు. మొహం చూసి ఏమైందన్నాడు. చెప్పాను. ఆయన గ్లాసు కింద పెట్టి, "నువ్వు చెప్పింది నీ ఒంటిమీద జరిగిన ముచ్చటైనా బాగుండేది" అని వెళ్ళిపోయాడు. ముందు ఆయనకి చెప్పాను గనక ఇప్పుడు మీకు చెప్పడం కాస్త తేలిక.

అక్కా, నా మంచం పక్కన ఎవరూ లేరని ఏడవకు. మంచమే లేదు. ఏడేళ్ళ క్రితం పనిమీద ఊరెళ్ళానంటే నిజంగానే పనిమీద వెళ్ళాను, ఒక గిడ్డంగిలో లిఫ్టు బిగించడానికి. నువ్వు పంపిన స్వెట్టరు అక్కడ రోజూ తొడుక్కున్నాను, చేతులు పొడుగైనా.

బావా, పదోరోజు గుచ్చుతుందో లేదో, ఎర్రచార వస్తుందో రాదో నాకేం తెలుసు? నన్ను దారి అడగొద్దు. మూడు నెలలకోసారి ఆవిడ దగ్గరికి రా, ఏం కనపడినా ఆవిడకే చెప్పు. లిఫ్టులో నీ ఖాళీ పిడికిలి చూసి, నోటికొచ్చింది అల్లేశాను. అయినా వారం రోజులు నేను నోరు మూసుకున్నానంటే ఇద్దరూ నమ్మారంటే, ఆ తప్పులో సగం మీది.

ఐదో అంతస్తు లేదు, అంకెలు లేవు, ఆపరేషను లేదు. నా గొంతులోకి ఇంతవరకూ తిండి, టీ తప్ప ఏదీ దిగలేదు. అందులోంచి పైకొచ్చేది ఏమిటో మీకు తెలుసు.

నీ తమ్ముడు, నీ బావమరిది